యాంటీ గ్లయాడిన్ టెస్టును ల్యాబ్ మెనూ నుంచి తీసేయడం ఎలా?

"సీలియాక్‌కి ఏజీఏ (యాంటీ గ్లయాడిన్ యాంటీబాడీ) పాత టెస్టు అంటున్నారు. మా మెనూలో ఇంకా ఉంది, డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. ఆపేద్దామంటే గొడవవుతుందేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?" ల్యాబ్ ఇన్‌చార్జులు, క్వాలిటీ మేనేజర్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, వరుసగా రాసి పెడుతున్నాను. మీది జిల్లా కేంద్రంలో చిన్న ల్యాబ్ అయినా, పది కలెక్షన్ సెంటర్లున్న పెద్ద ల్యాబ్ అయినా పని ఒకటే. పెద్ద ల్యాబ్‌లో వెతకాల్సిన చోట్లు ఎక్కువ, అంతే తేడా.

ఎందుకు తీసేయాలో ముందు రెండు ముక్కల్లో. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ వల్ల కొందరిలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. అదే సీలియాక్ వ్యాధి. దీన్ని రక్తంలో పట్టుకోవడానికి మొదట్లో గ్లయాడిన్‌కి (గ్లూటెన్‌లోని ఒక ప్రోటీన్) వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను చూసేవారు. అదే ఏజీఏ. ఈ వ్యాధిలో శరీరం అసలు దాడి చేస్తున్నది టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైమ్ మీద అని 1997లో తేలింది. అక్కడి నుంచి టీటీజీ టెస్టు వచ్చింది, ఏజీఏ వెనకబడిపోయింది. సీలియాక్ నిర్ధారణకు ఏజీఏ వాడవద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2009లోనే చెప్పింది. తొలి పరీక్షగా దీన్ని సిఫారసు చేయడం లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2013లో రాసింది. పిల్లల విషయంలో యూరప్ నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఏ వయసు పిల్లలకైనా టీటీజీ ఐజీఏ (ఐజీఏ రకం యాంటీబాడీని చూసే టీటీజీ టెస్టు), టోటల్ ఐజీఏ (రక్తంలో మొత్తం ఐజీఏ ఎంత ఉందో చూసేది) కలిపి మొదలుపెట్టమంటున్నాయి.

మన ప్రాంతానికి ఇంకో కారణం ఉంది. దేశంలో మూడు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. సీలియాక్ ఉత్తరాదిలో వెయ్యిమందికి సుమారు 8.5 మందిలో కనిపిస్తే, దక్షిణాదిలో 0.1 దగ్గరే ఆగింది. జబ్బు ఇంత అరుదుగా ఉన్న చోట తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువిచ్చే టెస్టు నడిపితే ఏమవుతుందో ఒక లెక్క వేసుకోండి. లక్షణాలతో వచ్చిన వెయ్యిమందిలో పదిమందికి నిజంగా సీలియాక్ ఉందనుకుందాం. జబ్బు లేని 990 మందిలో వందకు పదిమందిని పాత టెస్టు పాజిటివ్ అంటుందనుకుందాం. తప్పుడు పాజిటివ్‌లు 99. జబ్బున్న పదిమందిలో ఎనిమిది మందిని పట్టుకున్నా, మొత్తం 107 పాజిటివ్‌లలో నిజమైనవి ఎనిమిదే. అదే కొత్త టెస్టు వందకు ఇద్దరి దగ్గర తప్పుతుందనుకుంటే తప్పుడువి ఇరవైకి దిగుతాయి. ఈ శాతాలు లెక్క కోసం అనుకున్నవే. మీ డాక్టర్లకు చూపించడానికి మాత్రం ఈ లెక్క రాసిన కాగితం ఒక్కటి చాలు. తప్పుడు పాజిటివ్ వచ్చిన మనిషి ఏళ్ల తరబడి చపాతీ, బ్రెడ్, ఉప్మా మానేసి కూర్చుంటాడు. కొందరికి అనవసరంగా ఎండోస్కోపీ కూడా అవుతుంది.

కావలసినవి

- గత రెండేళ్ల ఏజీఏ రిక్వెస్టుల జాబితా: ఎవరు రాశారు, ఏ విభాగం, ఫలితం ఏమిటి, పక్కన ఇంకే టెస్టులు పడ్డాయి
- దీని స్థానంలో ఇవ్వబోయే టీటీజీ ఐజీఏ, టోటల్ ఐజీఏ టెస్టులు (మీ దగ్గర చేసినా సరే, బయటికి పంపినా సరే)
- ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ కోడ్‌లు మార్చే అధికారం ఉన్న మనిషి
- మిగిలిన కిట్ల స్టాక్, వాటి గడువు తేదీలు, సప్లయర్‌తో ఉన్న ఒప్పందం
- పాథాలజిస్టు లేదా ల్యాబ్ డైరెక్టర్ సంతకం
- గ్యాస్ట్రో, పీడియాట్రిక్స్, న్యూరాలజీ డాక్టర్లతో మాట్లాడటానికి కొంత ఓపిక

1. తీసేస్తున్నది ఏ టెస్టో ఖాయం చేసుకోండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గ్లయాడిన్ పేరుతో రెండు రకాల టెస్టులున్నాయి. ఒకటి మామూలు గ్లయాడిన్‌ను వాడే పాత ఏజీఏ. రెండోది డీఅమిడేటెడ్ గ్లయాడిన్ పెప్టైడ్, అంటే డీజీపీ. రెండోది పాతబడిన టెస్టు కాదు. ఐజీఏ లోపం ఉన్నవాళ్లలో డీజీపీ ఐజీజీ (ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని చూసేది) ఇప్పటికీ పనికొస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండింటికీ "గ్లయాడిన్ యాంటీబాడీ" అనే ఒకే పేరు ఉంటుంది. కాబట్టి స్క్రీన్ మీది పేరును నమ్మకండి. కిట్ పెట్టెలో వచ్చే కాగితం తీసి, ప్లేట్ మీద ఏ యాంటిజెన్ పూశారో చదవండి. ఐజీఏ, ఐజీజీ రెండు కోడ్‌లూ ఉంటే రెండింటినీ రాసుకోండి.

2. ఎవరు రాస్తున్నారో చూడండి

జాబితాను డాక్టర్ వారీగా విడదీయండి. మామూలుగా మూడు గుంపులు బయటపడతాయి. అలవాటుగా రాసేవాళ్లు మొదటి గుంపు. వీళ్లతో ఒక్క ఫోన్ కాల్‌తో పని అయిపోతుంది. ఎవరూ విడిగా రాయకుండానే ప్యాకేజీలో భాగంగా పడుతున్నవి రెండో గుంపు. మూడో గుంపులో న్యూరాలజీ వాళ్లుంటారు. నడకలో తూలు ఉన్న కొందరు రోగులకు, గ్లూటెన్ అటాక్సియా అనుమానంతో వాళ్లు ఏజీఏ అడుగుతారు. అది పేగు జబ్బు కోసం కాదు, వేరే ప్రశ్న. ఈ గుంపుతో మాట్లాడకుండా కోడ్ మూసేస్తే గొడవ ఖాయం. గొడవ పడేవాళ్ల వైపు కొంత న్యాయం కూడా ఉంటుంది.

ఇదే జాబితాలో ఏజీఏ పాజిటివ్ వచ్చి, తర్వాత టీటీజీ చేయించుకోని పేర్లను పక్కన గుర్తు పెట్టుకోండి. 8వ మెట్టులో కావాలి.

3. కొత్త టెస్టు నిలబడ్డాకే పాతదాని మీద చెయ్యి వేయండి

టీటీజీ ఐజీఏ కిట్ ఎంచుకునేటప్పుడు యాంటిజెన్ మానవ రకానిదేనా అని చూడండి. తొలినాళ్ల కిట్లలో గినీ పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడేవారు. అవి అంత నమ్మకంగా ఉండేవి కావు. తర్వాత వెరిఫికేషన్: ఒకే శాంపిల్‌ను పదే పదే నడిపి ఫలితం ఎంత ఊగుతోందో చూడండి. టీటీజీ ఇప్పటికే చేస్తున్న ఇంకో ల్యాబ్‌తో కొన్ని పాజిటివ్, కొన్ని నెగటివ్ శాంపిళ్లు మార్చుకోండి. కట్ ఆఫ్‌కి (పాజిటివ్, నెగటివ్‌లను విడదీసే అంకెకి) కాస్త అటూ ఇటూ ఉన్నవి కొన్నయినా ఉండాలి. బాగా ఎక్కువ పాజిటివ్‌లు, పూర్తి నెగటివ్‌లు మాత్రమే నడిపితే ఏ కిట్ అయినా పాసవుతుంది.

ఇంకో రెండు విషయాలు. పిల్లల్లో టీటీజీ విలువ మామూలు పైహద్దుకు 10 రెట్లు, అంతకంటే ఎక్కువ వచ్చి, రెండో రక్త నమూనాలో ఈఎంఏ (ఎండోమైసియల్ యాంటీబాడీ టెస్టు) కూడా పాజిటివ్ అయితే బయాప్సీ లేకుండానే నిర్ధారించే వీలు యూరప్ మార్గదర్శకాల్లో ఉంది. అంటే మీ కిట్ ఆ 10 రెట్ల దాకా కొలవగలగాలి. కొలవలేకపోతే డైల్యూషన్ పద్ధతి ముందే రాసి పెట్టుకోండి. ఊరికే "గరిష్ఠం కంటే ఎక్కువ" అని రిపోర్ట్ ఇస్తే పిల్లల డాక్టరుకు ఉపయోగం లేదు. ఇక టోటల్ ఐజీఏ మెషిన్ ఎంత తక్కువ వరకు చదవగలదో చూడండి. మూడేళ్లు దాటినవాళ్లలో డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే ఐజీఏ లోపం అనుకుంటారు. మీ మెషిన్ 30 దగ్గరే ఆగిపోతే అసలు దొరకాల్సినవాళ్లే జారిపోతారు.

ప్రత్యామ్నాయం: నెలకు రెండు మూడు శాంపిళ్లే వచ్చే చిన్న ల్యాబ్ సొంతంగా ఎలైసా (ప్లేట్ మీద చాలా శాంపిళ్లను ఒకేసారి నడిపే యాంటీబాడీ పరీక్ష పద్ధతి) పెట్టుకోవడం దండగ. ప్లేట్ నిండే దాకా శాంపిళ్లు ఫ్రీజర్‌లో ఎదురుచూస్తాయి, కిట్ గడువు తీరిపోతుంది. మంచి రిఫరల్ ల్యాబ్‌కి పంపండి. ఒప్పందంలో వాళ్లు వాడే కిట్ పేరు, పైహద్దు రాయించుకోండి.

4. ఐజీఏ తక్కువైతే ఏం చేయాలో ముందే రాసుకోండి

సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఐజీఏ లోపం ఉంటుంది. వాళ్లలో టీటీజీ ఐజీఏ నెగటివ్ వచ్చినా దానికి అర్థం లేదు. అందుకే నియమం ఇలా పెట్టుకోండి: టీటీజీ ఐజీఏ ఆర్డర్ అయిన ప్రతి కొత్త రోగికీ టోటల్ ఐజీఏ తప్పనిసరి. అది వయసుకు తగ్గట్టు లేకపోతే ఐజీజీ ఆధారిత టెస్టు (టీటీజీ ఐజీజీ లేదా డీజీపీ ఐజీజీ) చేయాలి. అదే శాంపిల్ మీద చేస్తే రోగిని మళ్లీ సూదితో పొడవక్కర్లేదు. శాంపిల్‌ను కనీసం వారం దాచి ఉంచండి.

హెచ్చరిక: "ఎందుకైనా మంచిది" అని ఐజీజీ టెస్టులను అందరికీ కలపకండి. టెస్టులు పెరిగే కొద్దీ ఏదో ఒకటి తప్పుగా పాజిటివ్ అవుతుంది. ఏజీఏని తీసేసి వదిలించుకున్న తలనొప్పి వెనక గుమ్మం నుంచి తిరిగొస్తుంది.

5. డాక్టర్లకు చెప్పండి, తేదీ ఖరారు చేయండి

ఐఎస్ఓ 15189 (వైద్య ల్యాబ్‌ల నాణ్యత ప్రమాణం) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఇలాంటి మార్పును వాడేవాళ్లకు ముందుగా తెలియజేయడం బాధ్యత కూడా. కనీసం నెల గడువు ఇవ్వండి. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. అందులో ఇవి ఉంటే చాలు: ఏ తేదీ నుంచి ఏ టెస్టు ఆగుతుంది, బదులు ఏం రాయాలి, శాంపిల్ ఏది (మామూలు సీరమ్ ట్యూబే), రిపోర్ట్ ఎన్ని రోజుల్లో వస్తుంది, ధర ఎంత, సందేహం ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి. చరిత్ర పాఠం వద్దు.

ఎక్కువగా రాసేవాళ్లకు ఉత్తరం చాలదు. ఓపీ అయ్యాక వెళ్లి కలవండి. పైన చెప్పిన లెక్క కాగితం అప్పుడే తీయండి. "మీరు తప్పు టెస్టు రాస్తున్నారు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. "సార్, మీ పేషెంట్లలో పోయిన ఏడాది ఇంతమందికి ఏజీఏ పాజిటివ్ వచ్చింది, వాళ్లలో టీటీజీ చేసినవాళ్లలో ఇంతమందికే వచ్చింది" అని వాళ్ల లెక్కే వాళ్ల ముందు పెట్టండి.

ప్రత్యామ్నాయం: న్యూరాలజీ విభాగం గట్టిగా పట్టుబడితే ఏజీఏని మెనూ నుంచి దాచి, కన్సల్టెంట్ న్యూరాలజిస్ట్ సంతకంతో ఫారం వస్తేనే రిఫరల్ ల్యాబ్‌కి పంపే ఏర్పాటు చేయండి. రిపోర్ట్ మీద "సీలియాక్ నిర్ధారణకు పనికిరాదు" అని ఒక వాక్యం పడాలి.

స్టాక్ గురించి ఒక మాట. "ఉన్న కిట్లు అయిపోయాక ఆపుదాం" అనే ఆలోచన అందరికీ వస్తుంది. కిట్ మీద పెట్టిన డబ్బు పోతుందనే బాధ నిజమే. అయితే ఆ తేదీ ఎప్పటికీ రాదు. స్టోర్స్‌లో ఆటోమేటిక్‌గా రీఆర్డర్ పడిపోతుంది. ముందు రీఆర్డర్ ఆపించండి. సప్లయర్‌తో మాట్లాడితే తెరవని కిట్లకు బదులు టీటీజీ కిట్లు ఇచ్చే అవకాశం ఉండొచ్చు, అడగడానికి మొహమాటపడకండి.

6. సాఫ్ట్‌వేర్‌లోనూ, సాఫ్ట్‌వేర్ బయటా మూయండి

కోడ్‌ను డిలీట్ చేయకండి. ఇనాక్టివ్ చేయండి. డిలీట్ చేస్తే పాత రోగుల రిపోర్టులు తెరుచుకోకపోవచ్చు, లేదా పేరు లేని అంకెగా మిగలొచ్చు. ఇనాక్టివ్ చేశాక ఒక పాత రోగి రిపోర్ట్ తెరిచి, పేరు, యూనిట్, రిఫరెన్స్ రేంజ్ అన్నీ కనిపిస్తున్నాయా చూడండి.

కోడ్ ఒక్కటే మూస్తే సరిపోదు. ఏజీఏ దాక్కునే చోట్లు ఇవి:

- "సీలియాక్ ప్యానెల్", "మాల్ అబ్జార్ప్షన్ ప్రొఫైల్" లాంటి ప్యాకేజీలు
- ఫుడ్ ఇంటాలరెన్స్ పేరుతో అమ్మే ప్యాకేజీలు
- డాక్టర్ల కంప్యూటర్లలో సేవ్ అయి ఉన్న ఫేవరెట్లు, ఓపీ టెంప్లేట్లు
- అచ్చేసిన పాత రిక్వెస్ట్ ఫారాలు, రేట్ కార్డులు
- పేషెంట్ యాప్, వెబ్‌సైట్ బుకింగ్ పేజీ
- రిఫరల్ ల్యాబ్‌కి పంపే టెస్టుల జాబితా

చివరిది అన్నిటికంటే జిత్తులమారిది. మీ దగ్గర ఆపేశారు. బిల్లింగ్ కౌంటర్‌లో అమ్మాయికి కోడ్ దొరకలేదు. ఆమె తెలివిగా "బయటికి పంపే టెస్టులు" కింద వెతికి, వేరే ల్యాబ్ పేరుతో బిల్ కొట్టేస్తుంది. ఆమె తప్పేం లేదు, రోగిని వెనక్కి పంపకూడదనే ఆలోచన. అందుకే రిఫరల్ జాబితాలో కూడా బ్లాక్ చేయించాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) స్కోప్‌లో, అంటే గుర్తింపు పొందిన టెస్టుల జాబితాలో, ఏజీఏ ఉంటే దాన్ని తీయించడానికి దరఖాస్తు పెట్టండి. ఎక్స్‌టర్నల్ క్వాలిటీ ప్రోగ్రామ్‌లో ఏజీఏకి కట్టిన చందా ఉంటే వచ్చే ఏడాదికి టీటీజీకి మార్పించండి.

7. కౌంటర్‌లో ఏం చెప్పాలో నేర్పండి

పాత చీటీతో రోగులు ఇంకా కొన్ని నెలలు వస్తారు. కౌంటర్ వాళ్లకు ఈ మాటలు రాసి అతికించండి: "అమ్మా, ఈ టెస్ట్ ఇప్పుడు చేయడం లేదండి. దీని బదులు ఇంకా మంచి టెస్ట్ ఉంది. డాక్టర్ గారికి ఫోన్ చేసి అడిగి చెప్తాం, కాసేపు కూర్చోండి." డాక్టర్ దొరకకపోతే రక్తం తీసి సీరమ్ దాచండి, బిల్ మాత్రం వేయకండి.

హెచ్చరిక: డాక్టర్‌ను అడగకుండా కౌంటర్‌లోనే ఏజీఏ బదులు టీటీజీ బిల్ కొట్టడం తప్పు. చీటీలో లేని టెస్టుకు డబ్బు తీసుకున్నారనే ఫిర్యాదు వస్తుంది.

ఇంకో ప్రశ్న కౌంటర్‌లోనే అడగాలి: "గోధుమ ఏమైనా మానేశారా?" గోధుమ మానేసిన మనిషిలో టీటీజీ కూడా నెగటివ్ వచ్చే అవకాశం ఉంది. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒక పూట కంటే ఎక్కువే గ్లూటెన్ ఉన్న తిండి తినాలని నైస్ చెబుతోంది. మన ఇళ్లలో ఇది చిక్కే. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోసె తినే మనిషి గోధుమ "మానేయలేదు", కానీ తినడమూ లేదు. "మానేశారా" అంటే లేదంటాడు. "వారంలో చపాతీ, పూరీ, బ్రెడ్, బొంబాయి రవ్వ ఉప్మా ఎన్నిసార్లు తింటారు" అని అడగండి. జవాబును రిక్వెస్ట్ మీద రాయండి. తినమని, మానమని మాత్రం కౌంటర్ వాళ్లు సలహా ఇవ్వకూడదు. అది డాక్టర్ పని.

8. పాత రోగుల సంగతి

ఏజీఏ అంకెలతో ఫాలో అప్‌లో ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు టీటీజీ మొదటి ఫలితమే కొత్త మొదలు. పాత ఏజీఏ 60 నుంచి కొత్త టీటీజీ 25కి "దిగింది" అనడం అర్థం లేని మాట. రెండు టీటీజీ కిట్ల అంకెల్ని కూడా ఒకదానితో ఒకటి పోల్చకూడదు, పైహద్దుకు ఎన్ని రెట్లో చూడాలి. గోధుమ పూర్తిగా మానేసినా టీటీజీ మామూలు స్థాయికి రావడానికి ఏడాదో, అంతకంటే ఎక్కువో పట్టవచ్చని రిపోర్ట్ కింద ఒక వాక్యం పెడితే రోగుల ఫోన్లు తగ్గుతాయి.

2వ మెట్టులో గుర్తు పెట్టుకున్న పేర్లలో ఏజీఏ ఒక్కటే చూసి గోధుమ మానేసినవాళ్లు ఉండొచ్చు. ఆ జాబితాను సంబంధిత డాక్టర్లకు అందించండి. ల్యాబ్ నుంచి నేరుగా రోగికి ఫోన్ చేసి "మీ రిపోర్ట్ నమ్మలేం" అనకండి. కొందరికి నిజంగానే జబ్బు ఉండి ఉంటుంది. గోధుమ మళ్లీ మొదలుపెట్టి పరీక్షించడం డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి.

తరచూ జరిగే తప్పులు

పైన అక్కడక్కడా చెప్పినవి కాక ఇంకో మూడు. శుక్రవారం సాయంత్రం కోడ్ మూసేసి ఇంటికెళ్లడం: శని, ఆదివారాల్లో కౌంటర్‌లో ఉన్న కొత్త మనిషి చేతులెత్తేస్తాడు. మంగళవారమో, బుధవారమో మూయండి. మెయిన్ ల్యాబ్‌లో మార్చి కలెక్షన్ సెంటర్ల పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్‌ను మర్చిపోవడం రెండోది. మూడోది చిన్న పిల్లలకు మినహాయింపు ఇవ్వడం. రెండేళ్లలోపు పిల్లల్లో గ్లయాడిన్ టెస్టులే మెరుగని పాత నమ్మకం ఒకటుంది. 2020 మార్గదర్శకాల ప్రకారం వాళ్లకు కూడా టీటీజీ ఐజీఏ, టోటల్ ఐజీఏతోనే మొదలుపెట్టాలి. ఆ వయసులో టోటల్ ఐజీఏ సహజంగానే తక్కువ కాబట్టి వయసు వారీ రేంజ్ రిపోర్ట్ మీద ఉండాలి.

పని అయిందో లేదో చూడటం

నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఇంకోసారి ఈ నాలుగూ లాగండి: కౌంటర్‌కి వచ్చిన ఏజీఏ చీటీలు, బయటికి వెళ్లిన ఏజీఏ శాంపిళ్లు (న్యూరాలజిస్ట్ ఫారంతో వెళ్లినవి కాక), టోటల్ ఐజీఏ లేకుండా వెళ్లిపోయిన టీటీజీలు, ఐజీఏ తక్కువ వచ్చినా ఐజీజీ టెస్ట్ పడనివి. చీటీలు తగ్గుతూ ఉంటే చాలు, వెంటనే సున్నా కానక్కర్లేదు. మిగతా మూడూ మాత్రం సున్నా ఉండాలి. ఒకటి కనిపించినా ఆ శాంపిల్ ఏ దారిన వెళ్లిందో వెనక్కి వెతికి, ఆ దారి మూయండి.

టీటీజీ పాజిటివ్ శాతం మీద కూడా కన్నేయండి. దక్షిణాదిలో ఉన్నట్టుండి పాజిటివ్‌లు గుట్టలుగా వస్తే, జబ్బు పెరిగిందనుకునే ముందు కిట్ లాట్, కంట్రోల్స్ చూడండి.

చివరిగా, మీ కలెక్షన్ సెంటర్లలో ఒకదానికి మామూలు కస్టమర్‌లా ఫోన్ చేయించండి. "యాంటీ గ్లయాడిన్ టెస్ట్ చేస్తారా, ఎంతవుతుంది?" అని అడిగించండి. అవతలి మనిషి ధర చెప్పాడంటే 6వ మెట్టు మళ్లీ మొదటి నుంచి చేయాలి.